మెడ వెనక ఆకుపచ్చ ముక్క

జూన్ 4

అత్తా,

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాస్తోందేమిటి, దీనికి మతి గానీ పోయిందా అనుకుంటావని తెలుసు. కారణం ఉంది. ఊళ్ళో నీళ్ళు రాకపోతే జనం ఫోన్ చేస్తారు, ఎత్తి జవాబు చెప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు మా సూపర్‌వైజరు మా ఫోన్లే ఎత్తి చూస్తున్నాడు. ఎవరు దేనికి లైక్ కొట్టారు, ఎవరికి ఏం పంపారు అని. పక్క సీటు అమ్మాయిని ఒక్క వీడియో పంపినందుకు ఇంటికి పంపేశాడు. ఉత్తరం చదవాలంటే కవరు విప్పాలి, నా చేతిరాత అర్థం చేసుకోవాలి. అంత ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది?

ఎన్నికలు మళ్ళీ వాయిదా వేశారు కదా. మా ఆఫీసు దగ్గర నాలుగు రోడ్లు కలిసే చోట జనం కూర్చున్నారు. నాయకుడు లేడు, జెండా లేదు. ఎవరో ఒకమ్మాయి తన పేజీలో "తేదీ చెప్పండి" అని రెండు మాటలు పెట్టిందట. అది ఆ ఫోన్ నుంచి ఈ ఫోన్‌కి పాకి, సాయంత్రానికి కూడలి నిండిపోయింది. వాళ్ళు అడిగేది కూడా అంతే. ఓట్లు ఎప్పుడు వేయాలో తేదీ చెప్పండి అంటున్నారు.

నేను ఆఫీసయ్యాక ఊరికే చూడ్డానికి వెళ్తున్నాను. నిజంగా చూడ్డానికే. నాన్నకి మాత్రం చెప్పకు. నా ఉద్యోగం పర్మనెంటు చేసే ఆర్డరు వచ్చే నెల వస్తుందంటున్నారు. ప్రభుత్వ ఆఫీసులో పనిచేసే పిల్ల అక్కడ కనిపిస్తే ఆర్డరు మాట దేవుడెరుగు, కుర్చీ కూడా మిగలదు.

నీ మోకాలు ఎలా ఉంది? మిషను కాలితో తొక్కడం మానేసి మోటారు పెట్టించుకోమంటే వినవు.

నీ కందిరీగ

* * *

జూన్ 11

కందిరీగా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేకుండా చదివి సగం ఊహించుకున్నాను, రెండోసారి జోడు పెట్టుకుంటే నా ఊహే బాగుందనిపించింది.

తేదీ చెప్పమని సర్కారుని అడగడమూ దర్జీని అడగడమూ ఒకటేనే. ఇన్నేళ్ళుగా నేను "శుక్రవారం ఇస్తా" అంటూనే ఉన్నాను, ఏ శుక్రవారమో ఎప్పుడైనా చెప్పానా? కానీ ఒక్క మాట. గుమ్మంలో బైఠాయించి "ఇచ్చేదాకా కదలను" అన్నవాళ్ళ బట్టలే ముందు కుడతాను. కాబట్టి మీవాళ్ళు చేస్తున్నది సరైన పనే.

ఇక రెండో సంగతి. ఊరికే చూడ్డానికి వెళ్తున్నావా? అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. మొహానికి తెల్లగుడ్డ కట్టుకుని రోజూ సాయంత్రం వీడియోలో ఆ రోజు కబుర్లు చదివే పిల్ల ఎవరు? మొదట గొంతు విని అనుమానపడ్డాను. తరవాత ఆ పిల్ల వెనక్కి తిరిగి ఎవరికో మైకు అందించింది. నీలం చొక్కా, మెడ వెనక మూడు మూలల ఆకుపచ్చ ముక్క. చిన్నప్పుడు చొక్కా ముందుది వెనక్కి, వెనకది ముందుకి తొడుక్కుని బడికి పోతుంటే, వీపు ఎటో నీకు తెలియడానికి ఆ ముక్క వేయడం మొదలుపెట్టాను. నువ్వు ఇంత దానివైనా నా చెయ్యి మానలేదు. లోకంలో ఇంకెవరి చొక్కాకీ అది ఉండదు. దుకాణంలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చానే. సంతోషంతోనే.

మీ నాన్న ఉన్నాడు చూడు, నా తమ్ముడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. తెల్లారి లేస్తే కుటుంబం గ్రూపులో ఎవరో పంపిన చెత్తంతా తెచ్చి పోస్తాడు, సొంతంగా ఒక్క మాట టైపు చేయడు. మొన్న నీ వీడియోనే పెట్టాడు. కింద ఏముందో తెలుసా? "ఈమె డబ్బులిచ్చి తెచ్చిన అద్దె పిల్ల, మొహం అందుకే దాచుకుంది" అని. సొంత కూతుర్ని, తెలియకుండా. నేను అప్పుడు మీ ఇంట్లోనే ఉన్నాను, మీ అమ్మ టీవీ సౌండు పెంచింది. నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి నేను వాడికి చెప్పలేదు.

కానీ కడుపు మండిపోయింది. తిన్నగా ఆ వీడియో దగ్గరికే వెళ్ళాను. అక్కడా అద్దె పిల్ల, అద్దె పిల్ల అని వందమంది. నువ్వు మన దుకాణానికి పెట్టిచ్చిన పేజీ ఉంది కదా, దాని నుంచే రాశాను: "అద్దె పిల్ల కాదు, మా తమ్ముడి కూతురు. ఆ చొక్కా కుట్టింది నేనే, మెడ వెనక ఆకుపచ్చ ముక్క వేసింది నేనే. నోరు అదుపులో పెట్టుకోండి." దానికి ఎన్ని హృదయాలు వచ్చాయో లెక్కపెట్టలేదు కానీ చాలా వచ్చాయి.

వేళకి తిను. గొంతు ఎండిపోకుండా చూసుకో.

అత్త

* * *

జూన్ 13

అత్తా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు, కానీ ఆగలేక రాస్తున్నాను. మొన్నటి నుంచి ఊళ్ళో నెట్ తీసేశారు. ఫోన్లు టార్చిలైట్లకి తప్ప దేనికీ పనికిరావట్లేదు.

విచిత్రం చెప్పనా? నెట్ ఉన్నప్పుడు మాతో లక్షమంది ఉన్నారు. వాన పడితే యాభైమంది మిగిలేవారు. ఇప్పుడు ఏ కబురూ అందదు కాబట్టి, ఏం జరుగుతోందో కనుక్కోవడానికే జనం నడిచి వస్తున్నారు. మూసేసిన దుకాణం షట్టరు మీద సుద్దముక్కతో ఆ రోజు విషయాలు రాస్తున్నాం. ఇన్ని రోజులుగా నా పక్కన కూర్చున్న బస్సు కండక్టరమ్మ, తలెత్తి నన్ను చూసి, నువ్వెవరమ్మాయివి అని నిన్ననే అడిగింది. అంతకుముందు ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఒకే వీడియోకి లైకులు కొట్టుకునేవాళ్ళం.

నీకో నిజం చెప్పాలి. చూడ్డానికి మాత్రమే వెళ్ళట్లేదు. నెట్ ఉన్నన్నాళ్ళూ సాయంత్రం వీడియో చదివింది నేనే. ఫోన్లో జవాబులు చెప్పీ చెప్పీ గొంతు కుదిరిందని నన్ను ఎంచారు. భయపడకు. మొహం కప్పుకునే చదివాను. ఇక్కడ మొహం తెలిసినవాళ్ళని ఒక్కొక్కరినే పట్టుకెళ్తున్నారు. "తేదీ చెప్పండి" అని పెట్టిన ఆ మొదటి అమ్మాయిని కూడా. నన్ను ఎవరూ పోల్చుకోలేరు. ఆఫీసులో సూపర్‌వైజరు నా ముందే ఆ వీడియో చూసి, "ఎవర్రా ఈ పిల్ల" అన్నాడు. నేను ఫోనెత్తి "నీటి సరఫరా విభాగం, చెప్పండి" అన్నాను.

నీ కందిరీగ

* * *

జూన్ 22

అత్తా,

నీ పదకొండో తేదీ ఉత్తరం ఆలస్యంగా అందింది.

నేను బాగున్నాను. ఆఫీసులో కొన్నాళ్ళు సెలవు ఇచ్చారు. గది మారాను, కండక్టరమ్మ వాళ్ళింట్లో ఉంటున్నాను. ఉత్తరం రాస్తే కవరు మీదున్న కొత్త చిరునామాకి రాయి. ఫోన్లో, పేజీలో ఇక ఏమీ రాయకు. రాసినది తీసెయ్యకు కూడా. ఎందుకని అడక్కు.

నీలం చొక్కా లోపల పెట్టేశాను. ఎండలకి వేరేవి హాయిగా ఉన్నాయి.

ఉంటాను.

* * *

జూన్ 29

ఏమే,

"ఉంటాను" అట. ముప్పై ఏళ్ళ నాటి బ్యాంకు ఉత్తరాలు కూడా ఇంతకన్నా ప్రేమగా ఉండేవి. కందిరీగ అని సంతకం కూడా లేదు.

కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. నీ స్నేహితుల ముందు పరువు పోయిందా? పెద్ద పోరాటంలో ఉన్న పిల్లకి వెనకాల ఓ దర్జీ అత్త ఉందని తెలిస్తే నామోషీయా? చొక్కా కూడా లోపల పెట్టేశానని రాశావు. సరే, ఇక నుంచి రెడీమేడ్ కొనుక్కో. నేను కుట్టిన గుడ్డ మీద కోపం నా మీద కోపమే. పదిసార్లు చదివి పదిసార్లూ బాధపడ్డాను. నిన్ను వీపున వేసుకుని మిషను తొక్కినదాన్ని, నాకు ఆ మాత్రం చెప్పే హక్కు లేదా

మర్నాడు.

పై ఉత్తరం సగంలో ఆగింది. చింపేద్దామనుకున్నాను, కానీ నా బుద్ధి ఎంతవరకు పనిచేసిందో నీకు తెలియాలని అలాగే ఉంచుతున్నాను.

నిన్న ఇద్దరు మగవాళ్ళు దుకాణానికి వచ్చారు. కొలతలివ్వడానికి అనుకుని టేపు తీశాను. ఒకతను కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నేను రాసిన కామెంటు. పక్కనే మన పేజీ బొమ్మ, గుమ్మంలో నువ్వూ నేనూ భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నది. "ఇది మీ మేనకోడలేనా? ఇది రాసింది మీరేనా?" అని అడిగారు. నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను. కాజాలు కుట్టే ఆవిడ, ఎప్పుడూ నోరు మెదపనిది, లేచి "అమ్మకి వినపడదు, రేపు రండి" అని చెప్పి పంపించేసింది.

వాళ్ళు వెళ్ళాక నీ ఉత్తరం మళ్ళీ చదివాను. సెలవు ఇవ్వలేదు, తీసేశారు కదూ? గది మారలేదు, దాక్కున్నావు కదూ? లోకమంతా వెతికినా దొరకని పిల్లని నా చేత్తో నేను పట్టించాను. అన్నీ తెలిసీ, "ఎండలకి వేరేవి హాయిగా ఉన్నాయి" అని రాశావు, నా తల్లీ.

ఉన్నది ఉన్నట్టు రాయి. ఇక నాకు దాచకు.

అత్త

* * *

జూలై 5

అత్తా,

సరే, ఉన్నది ఉన్నట్టే.

నువ్వు చూసిన కాగితమే సూపర్‌వైజరు నా బల్ల మీద పెట్టాడు. ఉద్యోగం నుంచి ఆపేశారు. పర్మనెంటు ఆర్డరు ఆగిపోయింది. ఇరవయ్యో తేదీన విచారణకి రమ్మని నోటీసు ఇచ్చారు. ఆ వీడియోలో ఉన్నది నేనేనని తేలితే లోపల వేస్తారు, ఎన్నాళ్ళో చెప్పరు. వాళ్ళ దగ్గర నీ కామెంటు తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు. అందుకే తీసెయ్యొద్దన్నాను. ఇప్పుడు తీసేస్తే ఒప్పుకున్నట్టే అవుతుందని కండక్టరమ్మ చూపించిన లాయరమ్మ చెప్పింది.

నీకు చెప్పకపోవడానికి కారణం కోపం కాదు. ఆ కాగితం చూడగానే నాకు ముందు వచ్చింది నవ్వు. "నోరు అదుపులో పెట్టుకోండి" అని నువ్వు కత్తెర ఊపుతూ అన్నట్టే వినిపించింది. తరవాత చాలా భయం వేసింది. ఆ భయంలో కూడా, నీకు తెలిస్తే నువ్వు మిషను మీద చెయ్యి వేయలేవని అనిపించింది. అందుకే పొడిగా రాశాను. నాలుగు మాటలు ఎక్కువ రాస్తే ఏడుపు బయటపడేది.

ఆ పేజీ పెట్టింది నేను. ఆ ఫోటో పెట్టింది నేను. నీకు కామెంట్ రాయడం నేర్పింది నేను. తిలాపాపం తలా పిడికెడు. పైగా నువ్వు చేసిన తప్పేమిటి? అబద్ధం విని ఊరుకోలేకపోయావు. నేను కూడలికి వెళ్ళిందీ అందుకే కదా. మన ఇంటి ఆడవాళ్ళకి ఇదో జబ్బు.

ఒక్కటే కోరిక. నాన్నకి తెలియనివ్వకు. నేను లోపలికి వెళ్ళడం కన్నా, తను అద్దె పిల్ల అన్నది నన్నేనని నాన్నకి తెలియడం ఎక్కువ బాధ.

నీ కందిరీగ

* * *

జూలై 13

కందిరీగా,

నీ ఉత్తరం చదివి కూర్చుని ఏడవడానికి నాకు తీరిక దొరకలేదు. ఎందుకో చెప్తాను.

గుడ్డ మీద మచ్చ పడిందనుకో. ఉతికితే పోదు, కత్తిరిస్తే కొలత చాలదు. అప్పుడు ఏ దర్జీ అయినా ఏం చేస్తుంది? ఆ మచ్చ మీద ఓ పువ్వు కుడుతుంది. ఒక్క పువ్వే ఉంటే మచ్చ కోసమని తెలిసిపోతుంది కాబట్టి గుడ్డంతా అదే పువ్వు కుడుతుంది. ఇక మచ్చ ఏ పువ్వు కింద ఉందో కుట్టినదానికి కూడా గుర్తుండదు. కాజాల ఆవిడ నీ ఉత్తరం విని, "తీసేయకూడదంటోంది కదమ్మా, గుడ్డంతా వేసేద్దాం" అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నాతో మాట్లాడిన అతి పొడుగాటి వాక్యం అది.

మాకు కుట్టుపని ఆడవాళ్ళ గ్రూపు ఒకటుంది. ఊరూరా ఉన్నారు. మెడ డిజైన్లు, చేతుల డిజైన్లు పంపుకుంటాం. అందులో నీ ఊసెత్తకుండా గొంతు రికార్డు చేసి పెట్టాను: "ఈ వీడియోలో పిల్లని అద్దె పిల్ల అంటున్నారు. మీకూ ఆడపిల్లలుంటే, ఇది మా పిల్లే అని దాని కింద రాయండి. మెడ వెనక ముక్క కత్తిరింపు పంపుతున్నాను, మీ పిల్లల చొక్కాలకి వేసి ఫోటో పెట్టండి." కాగితం మీద ఆ మూడు మూలల ముక్క గీసి, కొలతలు వేసి పంపాను.

మొదటి పూట ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నం ఎవరో ఒకావిడ రాసింది, "అద్దె పిల్ల కాదు, నా రెండో కూతురు, ఆ చొక్కా నేనే కుట్టాను" అని. ఆవిడకి కూతుళ్ళే లేరు, నాకు తెలుసు. ఇక చూస్కో. దర్జీలు, వాళ్ళ దగ్గర కుట్టించుకునేవాళ్ళు, ఆసుపత్రి నర్సులు, రైలు టిక్కెట్లిచ్చే అమ్మాయిలు. "నా మనవరాలు," "మా చెల్లెలు," "మా కోడలు, నాతో పడదు కానీ మంచి పిల్ల." నిన్నటికి మా ఊళ్ళోనే బజారుకెళ్తే నాలుగు మెడల వెనక ఆకుపచ్చ ముక్క కనిపించింది. నా కుట్టు ఇంతమందికి నచ్చుతుందని తెలిస్తే ఎప్పుడో ధర పెంచేదాన్ని. ఆ ఇద్దరు మగవాళ్ళు మళ్ళీ వచ్చారు. చేతిలో కాగితాల కట్ట ఉంది, మొహాలు వాడిపోయున్నాయి. ఊరంతా వేసుకుంటున్నారు, ఎవరిని చూసి ఎవరనుకున్నానో, కళ్ళు సరిగ్గా ఆనవు బాబూ అన్నాను. కళ్ళజోడు తీసి చూపించాను కూడా.

ఒక మాట నిలబెట్టుకోలేకపోయాను. ఎవరో నా పాత కామెంటుని తెచ్చి మన కుటుంబం గ్రూపులోనే పెట్టారు. మీ నాన్న ఫోన్ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. కేకలేస్తాడనుకుని సిద్ధంగా ఉన్నాను. వాడు స్టూలు మీద కూర్చుని ఆ వీడియో ఆపి, మెడ దగ్గర పెద్దది చేసి, చాలాసేపు చూశాడు. "బడి గేటు దగ్గర ఎన్నిసార్లు తిప్పి తొడిగానో" అన్నాడు. అంతే. నీళ్ళిస్తే తాగలేదు. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచాను. ఆ రోజు నుంచి గ్రూపులో వాడి సందేశాల్లేవు. నాతో కూడా మాట్లాడట్లేదు. నీమీద కోపమో, నామీదో, తనమీదో నాకు తెలియదు. వాణ్ణి చూస్తే భయంగా ఉంది.

ఇరవయ్యో తేదీ కడుపునిండా తిని వెళ్ళు. తలొంచకు.

అత్త

* * *

జూలై 27

అత్తా,

బయటే ఉన్నాను. ముందు అది చదివి, నీళ్ళు తాగి, తరవాత మిగతాది చదువు.

విచారణ గదిలో ఒక ఫ్యాను, పెద్ద బల్ల, దాని వెనక ఒక అధికారి. లాయరమ్మ నా పక్కనే కూర్చుంది. ఆయన నీ కామెంటు చదివి, "ఈమె మీ అత్తేనా?" అన్నాడు. అవునన్నాను. "అయితే వీడియోలో ఉన్నది నువ్వే." లాయరమ్మ, నెట్ ఉన్న పక్క ఊరికి వెళ్ళి కామెంట్లన్నీ దించుకొచ్చిన తన ఫోన్ ఆయన ముందుకి జరిపి, "దాని కిందవి కూడా చదవండి సార్" అంది. ఆయన చదవడం మొదలుపెట్టాడు. బొటనవేలితో పైకి తోస్తూ, తోస్తూ. టీ వచ్చింది, చల్లారింది. "ఈ తల్లులందర్నీ పిలిచి అడుగుతారా?" అంది లాయరమ్మ. "నాతో పడదు కానీ మంచి పిల్ల" దగ్గర ఆయన పెదవి కొంచెం కదిలిందని నా అనుమానం. చివరికి ఫోన్ పక్కన పెట్టి, "వెళ్ళు. అవసరమైతే మళ్ళీ పిలుస్తాం" అన్నాడు. ఎప్పుడు సార్ అన్నాను. "తేదీ చెప్తాం" అన్నాడు. లాయరమ్మ నా చెయ్యి గిల్లకపోతే నవ్వేసేదాన్ని.

ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు, ఇస్తారని నమ్మకం లేదు. ఆ మొదటి అమ్మాయి ఇంకా లోపలే ఉంది. ఎన్నికల ఊసు లేదు. రేపు మళ్ళీ కూడలికి వెళ్తున్నాను, ఈసారి నీలం చొక్కాతో. అక్కడ అందరివీ అవే, నన్ను వెతుక్కోవడానికి కండక్టరమ్మే తికమక పడుతుందేమో.

నిన్న నెట్ వచ్చింది. ఆ వీడియో తెరిచి, పొద్దున్నించి కామెంట్లన్నీ చదువుతూ కూర్చున్నాను. చూడని ఊళ్ళలో నాకు ఇంతమంది అమ్మలు. ఒకావిడ నాకు జలుబు తొందరగా చేస్తుందని రాసింది, నిజంగానే చేస్తుంది. చదువుతూ చదువుతూ చాలా కిందకి వెళ్ళాక ఒకచోట ఆగిపోయాను.

బొమ్మ స్థానంలో మన ఇంటి గేటు ఫోటో. నాన్న ఖాతా. ఎవరో పంపింది కాదు, దండం పెట్టే బొమ్మ కాదు. సొంతంగా టైపు చేశాడు. "మా అమ్మాయే. అద్దె పిల్ల అని నేనే అన్నాను, తప్పు. ఇంటికి ఎప్పుడొస్తుందో తేదీ చెప్పమనండి."

అత్తా, ఆ వేలమందిలో నిజం చెప్పింది ఇద్దరే. ఇద్దరూ అక్కాతమ్ముళ్ళే.

ఆయనతో నేను ఫోన్లో మాట్లాడలేను. నువ్వే వెళ్ళి చెప్పు. ఆగస్టు రెండు, ఆదివారం, మధ్యాహ్నం భోజనానికి. ఇది దర్జీ తేదీ కాదని కూడా చెప్పు.

నీ కందిరీగ